నేస్తాలు వస్తే ఇల్లు ఇరుకు కాదు

బేగంపేట: పల్లెలో కలిసి చదివినవారు ఏళ్ల తరువాత ‘శని, ఆదివారాలు మీ ఇంట్లో వుంటాం’ అని కబురు పెడితే సంతోషంతోపాటు బెంగ కూడా పుడుతుంది. ఇక్కడ ఒకటి రెండు గదుల్లో అద్దెకున్న సంసారాలు అనేకం. నలుగురు దిగితే పడక ఎక్కడ, నీళ్లు చాలునా అని ఇల్లాలి ఆలోచన. వచ్చేవారికీ మొగమాటమే. అందుకే నగరానికి వచ్చి కూడా నేస్తాన్ని పలకరించకుండా తిరిగిపోయేవారున్నారు.

ఇందుకు మందు ముందుమాటే. ఎందరు వస్తున్నారు, ఏ బండికి దిగుతారు, ఎప్పుడు తిరిగి వెళతారు అన్నది వచ్చేవారు చెప్పాలి. నీళ్లు ఏ వేళకు వస్తాయో, శనివారం తనకు డ్యూటీ వున్నదో లేదో ఇంటివారు దాచకుండా చెప్పాలి. డాబామీద చాపలు పరిస్తే పడక తీరుతుంది. అందరూ కూర్చుని కూరలు తరిగితే ఇల్లాలికి భారం తగ్గుతుంది, కబుర్లూ సాగుతాయి.

చూడదగినవీ దగ్గరే వున్నవి. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది బేగంపేటలోనే. మలేరియాపై ఆయన కృషికి 1902లో నోబెల్ బహుమతి లభించింది. చలిజ్వరం బాధ ఎరిగిన పల్లెవారు ఆ భవనాన్ని పిల్లలకు చూపించాలి. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలిపోయినా, 2017 నవంబరు నుండి మెట్రో రైలు నడుస్తున్నది.

ఖర్చుకు జంకి స్నేహాన్ని వాయిదా వేయరాదు. పప్పూ పచ్చడీ పెట్టినా నేస్తం నేస్తమే.