మళ్ళీ గాలం పట్టాను

పోయిన వేసవిలో మేము ఇల్లు మారవలసి వచ్చింది. పాత ఇంటి అటక మీది సామాన్లు దించుతుంటే ఒక రేకు డబ్బా బయటపడింది. మా మనవరాలు దాని మూత తీసి, "తాతయ్యా, ఈ జూకాలు ఎవరివి?" అని అడిగింది.

తొంగి చూశాను. కోడి ఈకలు, ఎర్ర ఉన్ని, వెండి జరీ పోగులు చుట్టిన చిన్న చిన్న కొక్కేలు వరుసగా గుచ్చి ఉన్నాయి. జూకాలు కావు తల్లీ, చేపల్ని మోసం చేసే దొంగ పురుగులు అన్నాను. అటక మీద గుడ్డసంచిలో వాటి తోడు కూడా ఉంది. తొమ్మిది అడుగుల గాలపు కర్ర. నేను దాన్ని ముట్టుకుని ముప్పై ఏళ్ళు దాటింది.

ఈగ గాలం కథ

మన ఊళ్ళలో చెరువు గట్టున వానపామును గుచ్చి గాలం వేయని పిల్లవాడు ఉండడు. ఆ గాలానికి ఎర బరువో, సీసపు గుండు బరువో ఉంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇంగ్లీషులో ఫ్లై ఫిషింగ్ అనే ఈ పద్ధతిలో సంగతి తలకిందులు. ఈకలతో కట్టిన ఈగకు బరువే ఉండదు. అందుకని దారానికే బరువు పెడతారు. నా దగ్గరున్నది ఆరో నంబరు దారం. దాని మొదటి ముప్పై అడుగులు తూస్తే సుమారు పది గ్రాములు. ఆ పది గ్రాముల్ని గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి, చివరనున్న ఈగను నీటి మీద పువ్వు రాలినంత మెత్తగా దించాలి. విద్య అంతా అందులోనే ఉంది.

ఇది దొరలు తెచ్చిన సరదా అని చాలామంది అనుకుంటారు. మాసిడోనియాలో ఎర్ర ఉన్నికి కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని ఏలియన్ అనే రచయిత సుమారు 1800 ఏళ్ళ క్రితమే రాశాడు. ఇక మామూలు గాలం మాటకొస్తే, మన కన్నడదేశంలోనే కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో సంస్కృతంలో కూర్చిన 'మానసోల్లాస' గ్రంథంలో రాజుల వినోదాలు చెబుతూ మత్స్యవినోదానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. చేపల రకాలు, వాటికి వేయవలసిన మేత, గాలం వేసే తీరు అన్నీ అందులో వివరించాడు. ఆ కల్యాణి నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాయడానికి ఏడు వందల ఏళ్ళకు పైగా ముందు మాట ఇది.

కావేరి ఒడ్డున

నాకీ విద్య నేర్పింది మా పక్కింటి కల్నల్ గారు. కొడగు మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, శని ఆదివారాలు గదిలో ఊరికే కూర్చునే నన్ను చూసి జాలిపడి తనతో తీసుకుపోయారు. కనకపుర, సాతనూరు మీదుగా వెళితే బెంగుళూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో భీమేశ్వరి. అక్కడ కావేరి కొండల మధ్య రాళ్ళ మీద దూకుతూ పోతుంది. ఆ నీళ్ళలో ఉండేది మహసీర్. దాన్ని పట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వచ్చేవారు. 1946లో కబినీ నదిలో మైసూరు వాన్ ఇంజెన్ కుటుంబీకుడొకరు పట్టిన మహసీర్ 120 పౌన్లు తూగింది. అంటే 54 కిలోలు. అంత చేపకు అక్కడివాళ్ళు వేసే ఎర ఏమిటనుకున్నారు? మన రాగి ముద్ద!

కల్నల్ గారు మాత్రం రాగి ముద్ద ముట్టేవారు కారు. ఈగ గాలంతో చిన్న చేపల్నే పట్టి, పట్టినదాన్ని పట్టినట్టే నీళ్ళలో వదిలేసేవారు. "మనం చూడ్డానికి వచ్చాం, తినడానికి కాదు" అనేవారు.

1991 జనవరిలో నా ఈగకు రెండు మూడు కిలోల మహసీర్ తగిలింది. నా జన్మకు అదే పెద్ద చేప. గట్టుకు తెచ్చి, రెండు చేతులా ఎత్తి, మిత్రుణ్ణి ఫోటో తీయమన్నాను. కెమెరాలో ఫిల్ము అయిపోయింది. కొత్త చుట్ట ఎక్కించేదాకా చేపను అలాగే పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఫోటో బాగానే వచ్చింది. చేప మాత్రం బతకలేదు. నీళ్ళలో పెట్టి, ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి, అరగంట పట్టుకున్నాను. చేయి వదలగానే ఒరిగిపోయింది. కల్నల్ గారు ఒక్క మాట కూడా అనలేదు. సామాను సర్దుకుని జీపులో కూర్చున్నారు. ఆ మౌనం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంటికొచ్చి కర్రను అటక ఎక్కించాను.

ఆ తర్వాత కావేరిలోనూ కాలం మారింది. ఆ ప్రాంతం 1987 నుంచే వన్యప్రాణి అభయారణ్యం. వన్యప్రాణి చట్టం ప్రకారం 2012 నాటికి అభయారణ్యంలో గాలం వేయడం ఆగిపోయింది. అయితే గాలరులు 1998 నుంచి 2012 వరకు రాసిపెట్టుకున్న లెక్కలు శాస్త్రజ్ఞుల చేతికి చిక్కాయి. పట్టి వదిలిన చేపలు ఆరు వేలకు పైగా. వాటిని తిరగేస్తే తేలిందేమిటంటే, కావేరికే సొంతమైన గూని మహసీర్, నారింజరంగు రెక్కలది, ఏటేటా తగ్గిపోయింది. నదికి మేలు చేద్దామని చేపపిల్లల కేంద్రాల నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ పెరిగిపోయింది. మంచి మనసుతో చేసిన పనే ఆ చేపకు కీడయిందని శాస్త్రజ్ఞుల అనుమానం. ఇన్ని పౌన్లని లోకమంతా చెప్పుకున్న ఆ గూని చేపకు సరైన శాస్త్రీయనామం ఖాయమైంది 2018లో. టోర్ రెమదేవి. అదే ఏడు అది అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేరింది.

ఇవన్నీ చదివాక ఇక గాలం మాట ఎత్తనే కూడదనుకున్నాను. కాని మనవరాలు వదలలేదు. "ఎలా విసురుతారో చూపించు తాతయ్యా" అని ఒకటే గొడవ. విసరడానికి చేప అవసరం లేదు కదా అనిపించింది.

చేయి మరిచిపోయింది

కొత్త ఇంటి పక్కన పచ్చిక మైదానం ఉంది. పాత దారం పైపూత బీటలు వారిపోయింది కనుక కొత్తది కొన్నాను. కొక్కెం బదులు చివర ఎర్ర ఉన్ని ముక్క కట్టాను. పొద్దున్నే మనుషులు లేని వేళ చూసి, కర్ర ఎత్తి బలంగా విసిరాను. దారం నా టోపీ మీద, భుజాల మీద, చెప్పుల చుట్టూ పడింది. ఇంకా బలంగా విసిరాను. కొరడాలా ఛెళ్ళుమని ఉన్ని ముక్క తెగి ఎగిరిపోయింది. వారం గడిచినా అంతే. భుజం నొప్పి మాత్రం మిగిలింది.

ఎనిమిదో రోజున మా ఆవిడ కూడా వచ్చింది. మనవరాలిని ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపుతూ నా అవస్థ చూస్తోంది. కాసేపయ్యాక, "అదేమిటండీ, వెనక్కి పూర్తిగా పోనివ్వకుండానే ముందుకు లాగేస్తున్నారు? ఉయ్యాల ఇలా ఊపితే పిల్ల కింద పడదూ?" అంది.

నేను కర్ర దించేశాను. కల్నల్ గారు నెలల తరబడి చెప్పిందీ అదే. వెనక్కి వెళ్ళిన దారం గాలిలో తిన్నగా పరుచుకునేదాకా ఆగాలి. అలా పరుచుకున్న దారం బరువే కర్రను విల్లులా వంచుతుంది. వంగిన కర్ర తిరిగి నిటారు కావడంలోనే విసురు ఉంది, మన కండలో కాదు. ముందే లాగితే కొరడా దెబ్బ. మరీ ఆలస్యమైతే దారం గడ్డి మీద వాలిపోతుంది. దారం పొట్టిదైతే కొద్ది క్షణం, పొడుగైతే మరికొంచెం ఎక్కువ. ఇంత సేపని గడియారం పెట్టుకుని ఆగేది కాదు, మెడ తిప్పి వెనక్కి చూసి తెలుసుకునేది.

బలంతో పని లేదనడానికి అమెరికాలో జోన్ వుల్ఫ్ గారే సాక్ష్యం. ఒకప్పుడు నాట్యం నేర్పిన ఆవిడ 1960లో ఒక పోటీలో 161 అడుగుల దూరం విసిరారు. తాళంలో విశ్రాంతి ఎంత ముఖ్యమో నాట్యం తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా?

మళ్ళీ మొదలుపెట్టేవారికి నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు చెబుతాను. మొదట కర్ర కొన నేలకు దగ్గరగా ఉంచి, దారంలో వదులు లేకుండా చూసుకోవాలి. వదులుంటే సగం విసురు దాన్ని లాగడానికే సరిపోతుంది. రెండవది, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోయి ఠక్కున ఆపాలి. పక్కన గడియారం ఉందనుకుంటే, వెనక ఒంటిగంట దగ్గర, ముందు పది పదకొండు మధ్య. ఆ ఠక్కున ఆపడంలోనే దారం సన్నని ఒంపు తిరిగి ముందుకు దొర్లుతుంది. మణికట్టు వదిలేస్తే ఒంపు పెద్దదై గాలికి కూలబడుతుంది. మూడవది, కర్ర కొన గోడకు సున్నం వేసే కుంచెలా తిన్నగా సాగాలి. మధ్యలో కుదుపు ఇస్తే దారం తనకు తానే ముళ్ళు వేసుకుంటుంది. నాలుగవది, రోజుకు పావుగంట చాలు. చేయి అలిసిందంటే తప్పులు వంటబడతాయి. ముప్పై అడుగుల దూరంలో ఒక పళ్ళెం పెట్టి అందులో ఉన్ని పడేదాకా సాధన చేయండి. ఎక్కువ దూరం తర్వాత దానంతట అదే వస్తుంది. కళ్ళజోడు, టోపీ మరవకండి. వెనక మనుషులున్నారో లేదో ప్రతిసారీ చూడండి.

చెరువు గట్టున

రెండు నెలలకు పళ్ళెంలో పదింట ఆరు పడుతున్నాయి. ముళబాగిలు దగ్గర మా వియ్యంకుడి బంధువులకు తోట, అందులో చేపల కుంట ఉన్నాయి. అటువైపు ఇళ్ళలో మన తెలుగే కదా. అడిగి, సరేనన్నాకే వెళ్ళాను. ఊరి చెరువుల్లో చేపల హక్కు వేలం పాడుకున్నవారిది. అడగకుండా గాలం వేయడం మర్యాద కాదు.

కొక్కెం కొననుండే ఎదురు ముల్లును పటకారుతో నొక్కేశాను. అలా చేస్తే చేప నోరు చీరకుండా కొక్కెం సులువుగా ఊడివస్తుంది. మొదటి అరగంట ఏమీ లేదు. తర్వాత నీళ్ళలో చిన్న సుడి, దారంలో ఒక కుదుపు. అరచేతి వెడల్పు జిలేబీ చేప. ముప్పై ఏళ్ళ తర్వాత చేతికి తెలిసిన ప్రాణం.

చేతులు తడుపుకుని, నీళ్ళలో ఉంచే కొక్కెం తీశాను. ఫోటో తీస్తానని అల్లుడు ఫోను పట్టుకొచ్చాడు. వద్దన్నాను. వదలబోతుంటే తోట యజమాని గట్టు మీంచి కేకేశారు. "అయ్యా, దాన్ని వదలకండి! మేము మేత వేసి పెంచింది పులుసుకే!" నిజమే మరి. అది నది చేప కాదు, ఆయన పంట. బుట్టలో వేశాను. అంతరించిపోతున్న చేపకు ఒక ధర్మం, కూరకు పెంచిన చేపకు ఇంకొకటి. ఆ రాత్రి పులుసు బాగుంది.

తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు అడిగింది, "తాతయ్యా, నీ పాత ఫోటోలో పెద్ద చేప ఉందే, దాన్ని కూడా తిన్నారా?" అని. లేదమ్మా, అని జరిగింది జరిగినట్టు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే నాకు ముందు చేపను వదలడం నేర్పు, విసరడం తర్వాత" అంది.

వచ్చే కార్తీక వనభోజనాలకు కర్ర, పళ్ళెం, ఉన్ని ముక్క తెస్తాను. మన సంఘం పిల్లల్లో ఎవరికి ఇష్టమైతే వారు గడ్డి మీద విసిరి చూడవచ్చు. కొక్కెం ఉండదు కనుక తల్లులు భయపడనక్కరలేదు. ఉయ్యాల ఊపడం తెలిసినవారెవరైనా పక్కన నిలబడి, ఎప్పుడు ఆగాలో చెబితే చాలు.