జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ పరిశోధన, ప్రభావం: కల్వకుర్తి వలసల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రాజమహేంద్రవరంలో జన్మించి అంతర్జాతీయ ఖ్యాతి పొందిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ (1918-2001). పరిశోధకుడిగా తాను సమర్థించిన విధానాలను కేంద్రమంత్రిగా అమలు చేసే అవకాశం ఆయనకు లభించింది. ఆయన పరిశోధన ప్రస్థానాన్ని వివరించి, దాని ప్రభావాన్ని, పరిమితిని తెలుగు ప్రాంతాల అనుభవంతో, ప్రత్యేకించి కల్వకుర్తి ప్రాంత వలసలతో సమన్వయించి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జనాభా శాస్త్రం, శిశుమరణాలు, కుటుంబ నియంత్రణ, వలస, పాలమూరు.

1. ప్రవేశిక

జననం, మరణం, వలస అనే మూడూ జనాభా శాస్త్రానికి మూలాంశాలు. ఏ ప్రాంతంలోనైనా జనసంఖ్య పెరిగినా, తగ్గినా కారణాన్ని ఈ మూడింటిలోనే వెతకాలి. చంద్రశేఖర్ ఈ మూడింటిపైనా గ్రంథాలు రచించారు. అయితే ప్రభుత్వ యంత్రాంగం ప్రధానంగా స్వీకరించింది జననాల అంశాన్నే.

2. పరిశోధన ప్రస్థానం

మద్రాసులో చదువుకున్న చంద్రశేఖర్ 1944లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. స్వదేశంలో అన్నామలై, బరోడా విశ్వవిద్యాలయాల్లో అర్థశాస్త్రం బోధించారు. 1950లో 'ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ స్టడీస్'ను, 1957లో 'పాపులేషన్ రివ్యూ' పత్రికను స్థాపించారు. జనాభా అధ్యయనానికి దేశంలో సంస్థాగతమైన పునాది ఇంకా ఏర్పడుతున్న దశలో జరిగిన కృషి ఇది.

'హంగ్రీ పీపుల్ అండ్ ఎంప్టీ ల్యాండ్స్' (1954) వలసకు సంబంధించిన గ్రంథం. జనసాంద్రత అధికంగా ఉన్న దేశాల ప్రజలకు, జనం పలుచగా ఉన్న దేశాలు తలుపులు తెరవాలన్న వాదన ఇందులో ప్రధానం. 'ఇన్‌ఫాంట్ మోర్టాలిటీ ఇన్ ఇండియా' (1959) 1901 నుండి 1955 వరకు దేశంలో సంభవించిన శిశుమరణాలను పరిశీలించింది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న భరోసా లేని కుటుంబం, తక్కువ సంతానంతో సరిపెట్టుకోవడానికి జంకుతుంది. అందుచేత జననాల చర్చకు మరణాల అధ్యయనం అవసరమైన భూమిక.

3. విధానకర్తగా చంద్రశేఖర్

1967లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ బాధ్యతలు స్వీకరించి 1970 వరకు కొనసాగారు. ఎర్ర త్రికోణం గుర్తు, 'నిరోధ్' పంపిణీ గ్రామాలకు చేరిన కాలమిది. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేయాలని ఆయన బలంగా వాదించారు. ఆ చట్టం 1971లో వచ్చింది.

ఈ దశలోనే విమర్శకు తావిచ్చే అంశమూ ఉంది. ముగ్గురు, అంతకు మించి పిల్లలున్న పురుషులకు శస్త్రచికిత్స చేయాలని ఆయన సూచించిన సంగతిని పాల్ ఎర్లిచ్ 'ది పాపులేషన్ బాంబ్' (1968)లో ప్రస్తావించారు. ఆ సూచన అప్పుడు అమలు కాలేదు. అత్యవసర పరిస్థితి నాటి బలవంతపు శస్త్రచికిత్సల సమయానికి ఆయన మంత్రి కారు. అయినప్పటికీ సంఖ్యను లక్ష్యంగా చేసుకున్న ఆలోచన, వ్యక్తి సమ్మతిని ఎంత తేలికగా పక్కకు నెట్టగలదో ఈ పరిణామక్రమం తెలియజేస్తుంది.

4. తెలుగు ప్రాంతాల ఫలితం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం 1992-93లో 2.6 కాగా, 2005-06 నాటికి 1.8కి తగ్గింది. 2019-21లో తెలంగాణలో ఇది 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఈ తగ్గుదల భారాన్ని మోసింది ప్రధానంగా స్త్రీలే. 1960లలో పురుషుల శస్త్రచికిత్సలకు ప్రాధాన్యం ఉండేది. అత్యవసర పరిస్థితి తర్వాత ఆ స్థానాన్ని స్త్రీల శస్త్రచికిత్సలు ఆక్రమించాయి.

5. కల్వకుర్తి: లెక్కకు అందని వలస

నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కల్వకుర్తి, 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. వర్షాధార సేద్యం, కరువుల కారణంగా ఈ ప్రాంతపు కుటుంబాలు ఆనకట్టల, కాలువల, భవనాల పనులకు దూరప్రాంతాలు వెళ్లడం తరతరాలుగా సాగింది. 'పాలమూరు లేబర్' అన్న మాట ఈ చరిత్ర నుండే పుట్టింది. మేస్త్రీ దగ్గర తీసుకున్న బయానా ఎన్ని నెలలు ఊరు విడవాలో నిర్ణయించేది.

చంద్రశేఖర్ వాదనలో వలస, జనభారానికి పరిష్కారం. పాలమూరులో అది నీటి కొరతకు, అప్పుకు పర్యవసానం. పంట ముగిశాక వెళ్లి వానలకు తిరిగివచ్చే వలస కావడం వల్ల ఇది జనగణనలో సరిగా నమోదు కాదు. 2011 జనగణన ఫిబ్రవరిలో జరిగింది. అది పనుల కోసం ఊళ్లు విడిచే కాలం. కృష్ణా జలాలను తెచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వంటివి జనాభా విధానంలో భాగంగా పరిగణన పొందకపోయినా, మనుషుల కదలికను నిర్ణయించగలిగేవి అవే.

6. ముగింపు

స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి 1994లో విధించిన ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తొలగించింది. అధిక జననాల భయం పోయి, తక్కువ జననాల భయం వచ్చింది. దిశ మారినా దృష్టి మాత్రం జననాల మీదే నిలిచింది. జననం, మరణం, వలసలను కలిపి అధ్యయనం చేసిన పరిశోధకుడిగా చంద్రశేఖర్ నేటికీ ఉపయుక్తుడు. ఆయన గ్రంథాల్లోని ఆ సమగ్రతను స్వీకరించి, మంత్రిత్వకాలపు తొందరపాటును విడనాడటం నేటి పరిశోధకుల కర్తవ్యం. కల్వకుర్తి వంటి ప్రాంతాల కాలానుగుణ వలసలను లెక్కించే పద్ధతులను రూపొందించడం అందులో మొదటి అడుగు.