ఫైల్‌సిస్టమ్‌లో మెమరీ విడుదల: అపోహలు – వాస్తవాలు

అపోహ: పని అయిపోయిన మెమరీని వెంటనే విడుదల చేయడమే మంచి పద్ధతి.

వాస్తవం: మామూలు ప్రోగ్రాముల్లో మంచి అలవాటే. లినక్స్ కెర్నెల్ ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో మాత్రం ఇది ప్రాణాంతకం కావచ్చు. 2011లో వచ్చిన 2.6.38 వెర్షన్ నుంచి ఫైలు పాత్‌ను వెతికే పని చాలావరకు లాక్‌లు లేకుండా, రిఫరెన్స్ కౌంట్ పెంచకుండా సాగుతోంది. దీన్ని ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) వాక్ అంటారు. వేగం దీనివల్లే వచ్చింది. కానీ ఒక ప్రాసెసర్ డైరెక్టరీ ఎంట్రీని చదువుతుండగానే మరొకటి దాన్ని తీసేయవచ్చు. ఎవరు చదువుతున్నారో తీసేసే కోడ్‌కు తెలియదు. అందుకే ముందు ఎంట్రీని ఎవరికీ దొరక్కుండా తప్పించాలి, అప్పటికే చదువుతున్నవన్నీ బయటపడ్డాకే మెమరీని వదలాలి.

అపోహ: కొన్ని మిల్లీసెకన్లు ఆగి విడుదల చేస్తే చాలు.

వాస్తవం: ఇందులో గడియారం పాత్ర లేదు. అప్పటికే మొదలైన చదివే పనులన్నీ ముగిసేదాకా ఆగడమే గ్రేస్ పీరియడ్. సాధారణంగా అది మిల్లీసెకన్లలోనే పూర్తవుతుంది గానీ, ఇంతలోపు ముగుస్తుందన్న హామీ లేదు. ఒక ప్రాసెసర్ ఎక్కడైనా ఇరుక్కుపోతే, డిఫాల్ట్‌గా 21 సెకన్లకు కెర్నెల్ హెచ్చరిక రాస్తుంది. అప్పుడు కూడా మెమరీని మాత్రం వదలదు.

అపోహ: ఇనోడ్‌ను ఆలస్యంగా విడుదల చేస్తే ఇక భయం లేదు.

వాస్తవం: నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వెతికే కోడ్ ఇనోడ్‌ను మాత్రమే ముట్టుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా లేకుండా పేర్లు పోల్చడానికి ఒక అప్‌కేస్ పట్టిక కావాలి. ఏఎఫ్ఎఫ్ఎస్‌లో సూపర్‌బ్లాక్ సమాచారంలోని ఒక ఫ్లాగ్ చూడాలి. అన్‌మౌంట్ చేసేటప్పుడు వీటిని అక్కడికక్కడే విడుదల చేస్తే, వెతుకులాట మధ్యలో ఉన్న ప్రాసెసర్ చెల్లని మెమరీని చదువుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే ఉన్న ఈ లోపాలను 2024లో కెర్నెల్ డెవలపర్ అల్ వీరో వరుసగా సరిదిద్దారు. ఏఎఫ్ఎఫ్ఎస్ విషయంలో నేరుగా విడుదల చేసే పిలుపు స్థానంలో ‘కేఫ్రీ_ఆర్‌సీయూ’ వచ్చింది. చిన్న మార్పే. అది ఎక్కడ అవసరమో కనిపెట్టాలంటే పేర్లను పోల్చే, హ్యాష్ చేసే, అనుమతులు చూసే ఫంక్షన్లన్నీ ఏ మెమరీని తాకుతున్నాయో ఓపిగ్గా చదవాలి.

అపోహ: గ్రేస్ పీరియడ్ ముగిస్తే మాడ్యూల్‌ను తొలగించేయవచ్చు.

వాస్తవం: గ్రేస్ పీరియడ్ ముగిసినా, వరుసలో ఉన్న విడుదల ఫంక్షన్లు ఇంకా నడవకపోవచ్చు. అవన్నీ పూర్తయ్యేదాకా ఆగేది ‘ఆర్‌సీయూ_బ్యారియర్’. ఈఎక్స్‌టీ4 తన ఇనోడ్ క్యాష్‌ను కూల్చేముందు దాన్నే పిలుస్తుంది. ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ రాసేవాళ్లు ఆ ఒక్క లైను దయచేసి వదిలేయకండి.