ఒక ఫ్లోరు, రెండు సెట్లు: వర్చువల్ సర్వర్లలో కోర్ల లెక్క

వెండితెరపై బొమ్మ కదలాలంటే సెకనుకు 24 ఫ్రేములు కావాలన్న సంగతి విద్యార్థులకు తెలిసినదే. ఈ లెక్కన రెండున్నర గంటల చిత్రానికి 2,16,000 ఫ్రేములు అవసరం. వీటిలో కొన్నింటిని కెమెరా పడుతుంది, కొన్నింటిని కంప్యూటరు గీస్తుంది. 2012లో విడుదలైన 'ఈగ' చిత్రంలో తెరపై ఎగిరిన ఈగ హైదరాబాదులోని మకుట సంస్థ కంప్యూటర్లపై పుట్టినది.

కంప్యూటరు ఫ్రేమును గీయడాన్ని రెండరింగ్ అంటారు. దీపం నుండి వెలువడిన కాంతి ఏ వస్తువుపై పడి, ఎటు పరావర్తనం చెంది, ఏ రంగుతో కెమెరాను చేరుతుందో లక్షలాది కిరణాలకు లెక్క కట్టడమే ఈ పని. ఒక్కొక్క ఫ్రేముకు నిమిషాలు పట్టవచ్చు, గంటలూ పట్టవచ్చు. విడుదల తేదీ దగ్గరపడినప్పుడు సొంత యంత్రాలు చాలక, జూబిలీ హిల్స్, ఫిలిం నగర్ ప్రాంతాలలోని చిత్రనిర్మాతలకు సర్వర్లను అద్దెకు తీసుకోవలసిన అవసరం కలుగుతుంది. ఇలా అద్దెకు దొరికేవి చాలావరకు వర్చువల్ సర్వర్లు. అనగా ఒక పెద్ద యంత్రాన్ని హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాము భాగాలుగా పంచి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క కంప్యూటరువలె చూపుతుంది. అద్దె పట్టికలో '16 వీసీపీయూలు' అని ఉంటుంది. ఇది 16 కోర్లతో సమానమేనా? చాలా సందర్భాలలో కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు స్టూడియో ఫ్లోరులోనికి వెళ్ళాలి.

ఒక ఫ్లోరులో ఒకే సెట్టు, ఒకే కెమెరా ఉన్నాయనుకుందాం. ఒక షాటు ముగిసిన తరువాత లైట్లు మార్చాలి, నటుల మేకప్ సరిచేయాలి. అంతసేపూ కెమెరా ఊరక నిలిచి ఉంటుంది. అదే ఫ్లోరులో రెండవ సెట్టు కూడా వేస్తే, మొదటి సెట్టులో లైట్లు మారుస్తున్నప్పుడు కెమెరా రెండవ సెట్టులో షాటు తీస్తుంది. ఇలా వృథా అయ్యే కాలం కొంత కలిసివస్తుంది. కాని రెండు సెట్లలోనూ ఒకేసారి 'షాట్ రెడీ' అన్నారో, ఒకరు ఆగక తప్పదు. కెమెరా ఒక్కటే కదా! రెండు ఫ్లోర్లు, రెండు కెమెరాలు ఉంటే ఈ చిక్కు లేదు.

ఇక్కడ ఫ్లోరు అంటే కోర్. కూడికలు, గుణకారాలు చేసే భాగాలు కెమెరా వంటివి. సెకనుకు 300 కోట్ల స్పందనలతో నడిచే కోర్‌కు మెమరీ నుండి ఒక అంకె రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, అంతలో 300 స్పందనలు గడచిపోతాయి. ఈ నిరీక్షణను తగ్గించడానికే కోర్ చెంత క్యాష్ అనే చిన్న మెమరీని ఉంచుతారు. కావలసిన అంకె క్యాష్‌లో లేనప్పుడు మాత్రం ఎదురుచూపు తప్పదు.

ఆ ఖాళీ సమయాన్ని వినియోగించే ఉపాయమే హైపర్‌థ్రెడింగ్. థ్రెడ్ అంటే పోగు, అనగా ఒకదాని వెంట ఒకటిగా సాగే ఆజ్ఞల వరుస. ఒకే కోర్‌లో రెండు పోగులకు వేర్వేరు రిజిస్టర్లు ఉంటాయి. లెక్కలు చేసే భాగాలూ, క్యాష్ మాత్రం ఉమ్మడి. ఈ పద్ధతిపై 1995లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో టల్సెన్, ఎగర్స్, లెవీ అనే శాస్త్రజ్ఞులు ముఖ్యమైన పరిశోధన ప్రకటించారు. 2002లో ఇంటెల్ సంస్థ దీనిని సర్వర్ చిప్పులలో ప్రవేశపెట్టింది. చిప్పు వైశాల్యం 5 శాతం కూడా పెరగకుండానే కొన్ని పనులలో 30 శాతం వరకు లాభం వచ్చినట్లు ఆ సంస్థ ప్రకటించింది. లాభం 30 శాతమే గాని 100 శాతం కాదన్నది ఇక్కడ గమనింపదగిన విషయం.

ఒక ఉదాహరణ చూద్దాం. 3 నిమిషాల 20 సెకన్ల పోరాట దృశ్యానికి 4,800 ఫ్రేములు కావాలి. ఒక కోర్‌పై ఒకే పోగు నడిస్తే ఫ్రేముకు 60 నిమిషాలు పడుతుందనీ, రెండు పోగులు నడిపితే మొత్తం పనిలో 25 శాతం లాభం వస్తుందనీ అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క ఫ్రేము 96 నిమిషాలకు ముగుస్తుంది, కాని ఆ వ్యవధిలో రెండు ఫ్రేములు తయారవుతాయి. అద్దెకు తీసుకున్న 16 వీసీపీయూలు నిజానికి 8 కోర్ల మీది 16 పోగులు. కనుక గంటకు 10 ఫ్రేములు వస్తాయి. మొత్తం పనికి 480 గంటలు, అనగా 20 రోజులు. పోగులు లేకుండా ఆ 8 కోర్లనే నడిపితే 25 రోజులు పట్టేది. కాబట్టి హైపర్‌థ్రెడింగ్ వలన 5 రోజులు ఆదా అయిన మాట నిజమే. కాని 16 వీసీపీయూలను 16 కోర్లుగా భావించిన నిర్మాత 300 గంటలలో, అనగా పన్నెండున్నర రోజులలో పని ముగుస్తుందని లెక్కవేసుకొని ఉంటాడు. తేడా ఏడున్నర రోజులు! థియేటర్లు నిర్ణయమై, పోస్టర్లపై తేదీ పడిన తరువాత ఇది చిన్న తేడా కాదు.

అన్ని పనులకూ ఒకే లాభం రాదు. కిరణాల లెక్కలో మెమరీ కొరకు ఎదురుచూపులు తరచు కలుగుతాయి కనుక లాభం బాగానే ఉంటుంది. లెక్కలు చేసే భాగాలకు ఒక్క పోగే విరామం లేకుండా పని చెబితే రెండవదానికి మిగిలేది స్వల్పం. రెండు పోగులు ఒకదాని అంకెలను ఒకటి క్యాష్ నుండి తోసివేస్తే నష్టం కూడా రావచ్చు. 2024లో వచ్చిన కొన్ని డెస్క్‌టాప్ చిప్పులలో ఇంటెల్ సంస్థయే ఈ ఏర్పాటును విడిచిపెట్టింది.

వర్చువల్ సర్వర్లలో వీసీపీయూ అర్థం యంత్రాన్ని బట్టి మారుతుంది. 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలో సర్వర్ సముదాయాన్ని ప్రారంభించిన అమెజాన్ సంస్థ పద్ధతిలో, ఇంటెల్ యంత్రాలపై వీసీపీయూ సాధారణంగా ఒక పోగు, గ్రావిటాన్ యంత్రాలపై ఒక పూర్తి కోర్. ఇక కొన్ని చౌక సర్వర్లలో ఒకే పోగును పలువురికి వంతులవారీగా పంచుతారు. ఒకే ఫ్లోరుకు అనేక కాల్షీట్లు ఇచ్చినట్లన్నమాట. మరొక చిక్కు గోప్యత. కొన్ని ఇంటెల్ చిప్పులలో ఒక పోగు రహస్యాలను తోటి పోగు గ్రహించగల లోపం 2018లో బయటపడింది. పరస్పరం నమ్మదగని పనులను ఒకే కోర్‌పై కలపకుండా చూసే ఏర్పాటు 2021లో లైనక్స్‌లో చేరింది.

లైనక్స్‌లో 'ఎల్ఎస్‌సీపీయూ' అనే ఆజ్ఞ ఇస్తే కోర్‌కు ఎన్ని పోగులో కనిపిస్తుంది. అయితే హైపర్‌వైజర్ నిజస్థితిని దాచవచ్చు గనుక, సొంత ఫ్రేములను కొన్నింటిని గీయించి గడియారం చూడటమే ఉత్తమం. ఈ ప్రయోగాన్ని పాఠశాలలోనూ చేయవచ్చు. బ్లెండర్ అనే ఉచిత ప్రోగ్రాములో ఎన్ని పోగులు వాడాలో నిర్ణయించవచ్చు. ఒకే దృశ్యాన్ని 1, 2, 4, 8 పోగులతో గీయించి, పట్టిన కాలాన్ని నమోదు చేసి, వేగాన్ని గ్రాఫు కాగితంపై గుర్తించాలి. కోర్ల సంఖ్య వరకు గీత దాదాపు నిటారుగా సాగి, ఆపైన వాలు తగ్గుతుంది. యంత్రం వేడెక్కినా, అందులో పెద్ద కోర్లూ చిన్న కోర్లూ కలిసి ఉన్నా గీత ముందే వంగవచ్చు.

ఆ వంపు ఎక్కడ వచ్చిందో చూసిన విద్యార్థికి ఒక సంగతి బోధపడుతుంది. రెండవ సెట్టు వేసినంత మాత్రాన రెండవ ఫ్లోరు కట్టినట్లు కాదు. ఉన్న ఫ్లోరు ఖాళీగా ఉండకుండా చూసుకున్నట్లు మాత్రమే.