మీకు తెలుసా? ఉమ్ సలాల్ అంగడికి లారీ దారి

దోహాకు ఉత్తరాన, అల్ షమాల్ రోడ్డు పక్కనే ఉమ్ సలాల్. అక్కడి సూపర్‌మార్కెట్‌లో పాలడబ్బా వచ్చిన దారి 2017 జూన్ 5 ముందు వేరు, ఆ తర్వాత వేరు. ఖతార్‌కు భూమార్గం ఒక్కటే, అది సౌదీ వైపున్న అబూ సమ్రా. దేశం తినే తిండిలో దాదాపు 40 శాతం ఆ దారినే వచ్చేదని అంచనా. ఆ రోజు సౌదీ దాన్ని మూసేసింది. తిరిగి తెరిచింది 2021 జనవరిలో.

కొద్దిరోజుల్లోనే తుర్కియే పాలు, పెరుగు విమానాల్లో దిగాయి. ఇరాన్ కూరగాయలూ అందాయి. 2017 సెప్టెంబరులో హమద్ ఓడరేవును అధికారికంగా ప్రారంభించారు.

ఓడ దిగిన సరుకు నేరుగా అంగడికి రాదు. పెద్ద గొలుసు దుకాణాలు దాన్ని ముందు గోదాముకు చేర్చి, కంటైనర్ విప్పి, ఒక్కో శాఖ అడిగినదాన్ని వేరుచేస్తాయి. చివర దింపాల్సింది లారీలో ముందు ఎక్కించాలి! గడ్డకట్టిన చేపలకు మైనస్ 18 డిగ్రీలు, పాలకు 4 లోపు. బయట వేసవిలో 45. తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లదనం జారిపోతుంది కనుక, వేగంగా దింపే హమాలీ చేతుల మీదే సరుకు నాణ్యత నిలుస్తుంది. ఆ చేతుల్లో కరీంనగర్, నిజామాబాద్ వాళ్లవీ ఉంటాయి.

జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించడం అక్కడ నిషేధం. రద్దీ వేళల్లో దోహాలోకి భారీ లారీలకు ప్రవేశం లేదు. అందుకే దోహాను పక్కనపెట్టి, దక్షిణాన మెసయీద్ వైపు నుంచి ఉత్తరాన అల్ ఖోర్ వైపు సాగే అల్ మజ్ద్ రోడ్డులో లారీలకు విడిగా వరుసలు వేశారు.