రాజు నాణేనికి కంసాలి తీర్పు

అక్షయ తృతీయ సంచికకు బంగారం మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. గురువారం సాయంత్రానికల్లా అందాలి. ధరల పట్టికలు, కొనుగోలు జాగ్రత్తలు ఏటా వచ్చేవే. వాటికోసం చదువుతుంటే లండన్ కంసాలుల సంఘం, 1710 నాటి ఒక తగాదా నన్ను పట్టుకున్నాయి.

ఫాస్టర్ లేన్‌లోని సంఘ భవనం గోల్డ్‌స్మిత్స్ హాల్లో ఏటా ఒక విచారణ జరుగుతుంది. నిలబడవలసింది ప్రభుత్వ టంకశాల. పేరు 'ట్రయల్ ఆఫ్ ది పిక్స్'. ఏడాది పొడవునా ముద్రించిన నాణేల్లోంచి కొన్ని తీసి, పెట్టెల్లో భద్రపరుస్తారు. న్యాయాధికారి ఎదుట సంఘ సభ్యులు జ్యూరీగా ప్రమాణం చేసి, వాటిని లెక్కపెట్టి, పరీక్షకు ఎంచినవి రాగి గిన్నెలోకీ తక్కినవి చెక్క గిన్నెలోకీ వేరుచేస్తారు. తూకం, వన్నె చూశాక తీర్పు.

1710లో టంకశాల అధిపతి ఐజాక్ న్యూటన్. ఆయన బంగారు నాణేల్లో మేలిమి కాస్త తగ్గిందని జ్యూరీ తేల్చింది. న్యూటన్ ఊరుకోలేదు. పోల్చడానికి వాడిన ప్రమాణ ఫలకం 1707లో చేసినది. అదే ఉండవలసినదానికన్నా మేలిమిగా ఉంది, తన నాణేలు సరైనవే అని చిత్తు మీద చిత్తు రాశాడు. చివరికి కొత్త ఫలకం పక్కకు పోయింది, 1688 నాటి పాతదే నిలిచింది. అంతటి శాస్త్రవేత్తను కంసాలులు నిలదీశారు, వాళ్ల కొలమానాన్ని ఆయన నిలదీశాడు. రెండో ప్రశ్నకూ చోటుండబట్టే ఈ ఆచారం మీద నాకు గురి.

చరిత్ర క్లుప్తంగా: 1282 నాటికే నాణేల విచారణకు రాజాజ్ఞ ఉంది. 1300 చట్టంతో వెండికి చిరుతపులి తల ముద్ర, 1327లో మూడో ఎడ్వర్డ్ సంఘానికి ఇచ్చిన చార్టర్, 1478 నుంచి హాల్లోనే వస్తువుల పరీక్ష. ఇప్పటి భవనం 1835 నాటిది. అలాంటి ముద్రే అయిన హాల్‌మార్క్ మన నగలకు తప్పనిసరి కావడం 2021 జూన్‌లో మొదలైంది.

సభ్యత్వానికి మూడు దారులు: తల్లిదండ్రుల వారసత్వం, శిష్యరికం, సంఘం ప్రత్యేక ఆమోదం. మొదటిది నాకు మింగుడుపడదు. శిష్యరికం వేరు. కుర్రవాడైనా అమ్మాయైనా గురువుతో ఒప్పందపత్రం మీద సంతకం చేసి, ఏళ్ల తరబడి బల్ల దగ్గర కూర్చుని పని నేర్చాకే సభ్యత్వం.

దానధర్మాలు

జాన్ పెరిన్ అనే సభ్యుడు 1657లో ఈస్ట్ యాక్టన్ భూములను సంఘానికి రాసిచ్చాడు. వాటి ఆదాయంతో 1811లో నిరాశ్రయ వృద్ధులకు యాక్టన్‌లో ఇళ్లు కట్టారు. 1891లో న్యూ క్రాస్‌లో తెరిచిన శిక్షణాలయాన్ని 1904లో లండన్ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. అదే నేటి గోల్డ్‌స్మిత్స్ కళాశాల. 2012లో క్లర్కెన్‌వెల్‌లో యువ పనివారి కోసం గోల్డ్‌స్మిత్స్ సెంటర్ వెలిసింది. శిక్షణ, పని చేసుకునే గదులు ఒకే చోట. ప్రొద్దుటూరు బంగారం బజారు సంఘాలు ముందుగా ఈ చివరిదాన్ని చూసి రావాలని నా కోరిక. పనివాళ్ల పిల్లలు ఊరు విడవకుండా నేర్చుకోవడానికి ప్రొద్దుటూరులోనూ అలాంటి గది ఒకటి కావాలి.