కొండవెనుక పడని చుక్క

నడిరేయి దాటినది. సరకులు నింపుకొన్న లారీ యొకటి నిర్జనమైన రహదారిపై సాగిపోవుచున్నదని యూహింపుడు. దీపముల వెలుగు పడినంతమేర దారి తప్ప డ్రైవరునకు వేరేమియు కనబడుటలేదు. ఇంతలో ఎదుటి ఆకసమున తెల్లని నిప్పుముద్ద యొకటి పుట్టి, వెనుక వెలుగుచార విడుచుచు, ఏటవాలుగా దిగివచ్చినది. దారిప్రక్క చెట్లకు నీడలు కలిగినవి. ఆ నీడలు నేలపై పరుగెత్తినవి. నాలుగైదు సెకండ్లలో ఆ వెలుగు దూరపు కొండవెనుకకు జారి మాయమైనది. కునికిపాట్లు పడుచున్న క్లీనరు ఉలికిపడి లేచి, "అన్నా! ఆ కొండవెనుకనే ఏదో పడినది. బండి అటు త్రిప్పుము, చూచి వత్తము" అనును.

ఇట్టి దృశ్యమును చూచినవారు పెక్కుమంది ఇట్లే పలుకుదురు. వారు అబద్ధమాడుట లేదు. తమ కన్నులకు తోచినదే చెప్పుచున్నారు. అయినను ఆ కొండవెనుక వెదకబోయినవారికి సాధారణముగా ఏమియు దొరకదు. దీనికి కారణమేమి?

మన పల్లెలలో దీనిని చూచి "చుక్క రాలినది" అందురు. నిజమునకు చుక్కలు రాలవు. ప్రతి చుక్కయు మన సూర్యునివంటి మహాగోళము. అది రాలి భూమిపై పడుటయన్న మాటయే లేదు. సూర్యుని చుట్టును గ్రహములే కాక లెక్కకు మిక్కిలియైన రాళ్లును, ఇసుకరేణువులును తిరుగుచున్నవి. వీనిలో కొన్ని తోకచుక్కలు విడిచిపోయిన ధూళి. కొన్ని గ్రహశకలములు ఒకదానితో నొకటి ఢీకొని చెదరిన తునకలు. ఇవి సెకండునకు 11 మొదలు 72 కిలోమీటర్ల వరకు గల వేగముతో భూమి వాయుమండలమున ప్రవేశించును. అంత వేగమునకు ముందున్న గాలి ప్రక్కకు తొలగుటకు వ్యవధి చాలదు. అది నలిగి మిక్కిలి వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెరుగుదురు. ఇచ్చటను జరుగునది అట్టిదే. కాని వేడిమి వేల డిగ్రీలకు చేరును. రాయి కరగి ఆవిరియై, ఆ ఆవిరియు, చుట్టునున్న గాలియు వెలుగును. ఆ వెలుగునే మనము ఉల్క యందుము. ఇసుకరేణువంత ఉల్క రెప్పపాటులో ఆరిపోవును. అంతకంటె పెద్దదియై, శుక్రగ్రహమును మించి ప్రకాశించుదానిని అగ్నిగోళమందురు. మన డ్రైవరు చూచినది అదియే.

ఇక అది కొండవెనుకనే పడినట్లు తోచుట యేల? పగటివేళ మనము దూరమును చెట్లతోను, ఇండ్లతోను పోల్చి గ్రహింతుము. చీకటి ఆకసమున పోల్చి చూచుటకు ఏమియు లేదు. అందుచేత మిక్కిలి ప్రకాశించునది మిక్కిలి చేరువనున్నదని మనస్సు నిర్ణయించుకొనును. ఉల్కలు నేలకు ఇంచుమించు 80 మొదలు 120 కిలోమీటర్ల ఎత్తున వెలుగనారంభించును. 80 కిలోమీటర్ల ఎత్తున వెలుగు ఉల్క మనకు 400 కిలోమీటర్ల దూరమున నున్నచో, చేయి చాచి పట్టిన పిడికిలియంత ఎత్తున మాత్రమే దిగంతముపై కనబడును. అది ఇంకను దూరముగా సాగినచో భూమి గుండ్రదనముచేత క్రిందికి దిగినట్లు తోచి, కొండ చాటునకు పోవును. అనగా అది కొండ వెనుక పడలేదు. కొండకు ఎంతో ఆవల, మరియొక ప్రాంతపు ఆకసమున ప్రయాణించినది. అంతియే కాదు. కాలిపోక మిగిలిన రాయి గాలి అడ్డగింపుచే వేగము కోల్పోయి, సాధారణముగా ఇరువది కిలోమీటర్ల ఎత్తునకు చేరకమునుపే వెలుగుట మానును. ఆపై అది చీకటిలో చీకటియై కొన్ని నిమిషములపాటు క్రిందికి పడును. నేలను తాకువరకు మండుచు కనబడు ఉల్క మిక్కిలి అరుదు.

వెలుగునకును, చప్పుడునకును గల తేడాను కూడ తెలిసికొనవలెను. మెరుపు ముందు కనబడును, ఉరుము పిదప వినబడును. ధ్వని ఒక కిలోమీటరు నడచుటకు ఇంచుమించు మూడు సెకండ్లు పట్టును. ముప్పది కిలోమీటర్ల ఎత్తున ప్రేలిన ఉల్క ధ్వని, సరిగా దాని క్రింద నున్నవారికైనను చేరుటకు ఒకటిన్నర నిమిషము పట్టును. ఇది వట్టి లెక్క కాదు. ఈ లెక్క తెలియకపోవుటచే ఒక నగరములో వందలాది జనులు గాయపడిరి.

2013 ఫిబ్రవరి 15వ తేదీన రష్యా దేశమున, ఉరల్ పర్వతముల చెంతనున్న చెల్యబిన్‌స్క్ నగరముమీదుగా మహోల్క యొకటి వచ్చినది. అప్పుడు ఉదయము తొమ్మిది గంటల ఇరువది నిమిషములు. ఆ శిల వ్యాసము ఇంచుమించు ఇరువది మీటర్లు. వేగము సెకండునకు ఇంచుమించు పందొమ్మిది కిలోమీటర్లు. సూర్యుని దిక్కునుండి వచ్చుటచే దానిని ఏ దూరదర్శినియు ముందుగా కనుగొనజాలకపోయెను. ముప్పది కిలోమీటర్ల ఎత్తున అది ప్రేలినపుడు కొన్ని క్షణములు సూర్యునికంటె ఎక్కువగా వెలిగినది. ఆ వెలుగేమియో చూతమని జనులు కిటికీలకడకు పరుగెత్తిరి. ఒక నిమిషము గడచినది; ఏమియు జరుగలేదు. రెండు నిమిషములు దాటిన పిదప గాలితాకిడి వచ్చి వేలకొలది భవనముల అద్దములను బ్రద్దలు కొట్టినది. ఇంచుమించు 1500 మంది చికిత్స పొందవలసివచ్చెను. వారిలో పెక్కుమందికి తగిలినవి అద్దపు ముక్కలే.

ఆ నగరమందలి యొక పాఠశాలలో ఒక ఉపాధ్యాయురాలు ఆ వెలుగును చూచెను. అది యేమియో ఆమెకు తెలియదు. అయినను కిటికీలకు దూరముగ పోయి బల్లలక్రింద దాగుడని పిల్లలకు ఆజ్ఞ యిచ్చెను. అద్దములు పగిలినపుడు నిలిచియున్న ఆమెకు తీవ్రముగ గాయములు తగిలినవి. ఆ తరగతిలోని 44 మంది పిల్లలలో ఒక్కరికైనను అద్దపు గాటు పడలేదు.

ఆనాడు డ్రైవర్లు మరియొక విధముగ లోకమునకు ఉపకరించిరి. రష్యాలో అనేకులు కారు ముందుటద్దము వద్ద చిన్న కెమెరాను అమర్చుకొందురు. దారిపై జరుగు ప్రమాదములకు సాక్ష్యముగ నుండుటకై పెట్టుకొన్న ఆ కెమెరాలు మహోల్కను చిత్రించినవి. ఒకచోటినుండి చూచినవాడు అది కనబడిన దిక్కును మాత్రమే చెప్పగలడు. వేరువేరు చోట్ల నుండి చూచిన ఇరువురి దిక్కులను పటముపై గీతలుగా గీచినచో, అవి కలియుచోటు ఉల్క యున్న చోటు. ఇట్లు పలు చిత్రములను పోల్చియు, దీపస్తంభముల నీడలు జరిగిన తీరును కొలిచియు శాస్త్రజ్ఞులు దాని మార్గమును గణించిరి. అది గ్రహశకలముల మండలమునుండి వచ్చినదని తేల్చిరి. ఆ సంవత్సరమే అక్టోబరులో, చెబర్‌కుల్ సరస్సు అడుగునుండి అయిదువందల కిలోగ్రాములకు మించిన ఉల్కాశిలను వెలికి తీసిరి.

మరల మన లారీకడకు వత్తము. క్లీనరు తొందరపెట్టుచున్నాడు. డ్రైవరు తెలిసినవాడైనచో కొండవైపు పోడు. వచ్చు వాహనములకు అడ్డుగాకుండ బండిని ప్రక్కకు నిలుపును. గడియారము చూచి వేళను, రాతిని చూచి తానున్న చోటును వ్రాసికొనును. వెలుగు ఏ చెట్టుపై పుట్టి ఏ కొండచాటున మాయమైనదో, ఏ రంగున నుండెనో, ఎన్ని సెకండ్లు నిలిచెనో గుర్తించుకొనును. పిమ్మట నాలుగైదు నిమిషములు చెవి యొగ్గి వినును. "ఆ కొండవెనుక పడినది" అనుట అతని యూహ. "ఆ కొండవైపున మాయమైనది" అనుట అతడు చూచినది. ఈ రెండింటి భేదమును ఎరిగి చెప్పినవాని మాటయే శాస్త్రజ్ఞునకు పనికివచ్చును.